వేరు కుంపటి ఎవరి కోసం?



ధమ్మ మిత్రులారా, ఈసారి పాఠం పెరట్లో పెట్టుకునే గ్రిల్స్ గురించి. కొందరు నవ్వుకోవచ్చు, పర్లేదు. అమెరికాలో, డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉంటున్న మన తమ్ముడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆదివారం ఆన్‌లైన్‌లో జరిగే సుత్త పఠనానికి భార్యాభర్తలిద్దరూ వస్తారు. ఒకరోజు పఠనం అయ్యాక ఇలా అడిగాడు: "అక్కా, కొత్త గ్రిల్ కొన్నాం. పాతవి రెండున్నాయి. తీసెయ్యమని మా ఆవిడ అంటోంది. నాకేమో చేతులు రావట్లేదు. మూడూ ఉంచుకోవడం తణ్హ అవుతుందా?"

"ఒక్కోటి ఎందుకు ఉంచుకోవాలనుకుంటున్నావో చెప్పు తమ్ముడూ" అన్నాను. రెండింటి గురించి గబగబా చెప్పేశాడు. అన్నిటికన్నా పాతదాని దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. కాసేపు తటపటాయించి ఒక మాట చెప్పాడు. ఆ మాట కోసమే ఈ పాఠం రాస్తున్నాను. అయితే ముందు వస్తువుల సంగతి తేల్చుకుని అక్కడికి వెళ్దాం. లేకపోతే అసలు విషయం సగమే అర్థమవుతుంది.

మూడు గ్రిల్స్

గ్రిల్ అంటే మనకు తెలియనిదేం కాదు, కుంపటే. సాయంత్రం పూట మొక్కజొన్న పొత్తులు కాల్చే అవ్వ ముందు ఉండేదీ అదే, సీకు కబాబుల బండి మీద ఉండేదీ అదే. అమెరికాలో దాన్ని ఇంటి వెనక పెట్టుకుని సెలవు రోజున నలుగురిని పిలిచి కాలుస్తారు. మే నెలాఖరులో వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే దాకా అక్కడ గ్రిల్ కాలం. ఆ సెలవులకు షాపుల్లో ధరలు తగ్గిస్తారు. ఉన్నది బాగానే ఉన్నా ఇంకోటి ఇంటికొచ్చేది ఎక్కువగా అప్పుడే.

తమ్ముడి దగ్గరున్న మొదటిది గుండ్రటి మూత ఉన్న బొగ్గుల కుంపటి. చదువుకునే రోజుల్లో ఎవరో ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే కొనుక్కున్నాడు. ఈ ఆకారానికి ఒక కథ ఉంది. 1952లో చికాగో ప్రాంతంలోని వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కంపెనీలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన పనిచేసేవాడు. నీళ్ళ మీద తేలే బోయాల కోసం అక్కడ తయారయ్యే గుండ్రటి డొప్పల్ని తీసుకుని, కింది సగాన్ని కుంపటిగా, పై సగాన్ని మూతగా మార్చాడు. అందులో వేసే బొగ్గు బిళ్ళల వెనకా ఇలాంటిదే ఇంకో కథ. 1920ల్లో హెన్రీ ఫోర్డ్ తన కార్ల తయారీలో మిగిలిపోయిన చెక్కను పారెయ్యకుండా బొగ్గు బిళ్ళలు చేయించి అమ్మాడు. అంటే ఈ కుంపటి పుట్టుకలోనే ఒక పనికి ఉన్నదాన్ని ఇంకో పనికి తిప్పుకోవడం ఉంది.

రెండోది గ్యాస్ గ్రిల్. ఇల్లు కొన్నప్పుడు తెచ్చుకున్నది. 20 పౌన్ల ప్రొపేన్ సిలిండర్ పెడతారు, మన లెక్కలో 9 కిలోలు. మీట తిప్పితే మంట, ఆపితే పోతుంది. దీని గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏం లేదు.

మూడోది, ఇప్పుడు కొన్నది, పెల్లెట్ గ్రిల్. 1980ల్లో ఒరెగాన్ రాష్ట్రంలో ట్రేగర్ కుటుంబం మొదలుపెట్టిన రకం. రంపపు పొట్టును గట్టిగా ఒత్తి, చిటికెన వేలి కన్నా సన్నని ముక్కలుగా చేసి అమ్ముతారు. వాటినే పెల్లెట్లు అంటారు. తొట్టిలో పోస్తే లోపలున్న పొడుగాటి మర వాటిని కొంచెం కొంచెంగా నిప్పు దగ్గరికి నెడుతుంది, ఫ్యాన్ గాలి ఊదుతుంది. ఎంత వేడి కావాలో నొక్కితే అంత వేడి దగ్గరే ఉంచుతుంది. మాంసం గంటల తరబడి సన్నసెగ మీద మగ్గాలంటే చాలా వీలైనది. కానీ కరెంటు లేకపోతే కదలదు. పెల్లెట్లు తడిస్తే ఉబ్బి, పొట్టయిపోయి మరలో ఇరుక్కుంటాయి.

మాంసం ధమ్మానికి ఒప్పా కాదా అని నాకు ఉత్తరం రాయబోయేవాళ్ళకు ముందే చెబుతున్నాను, అది వేరే పాఠం.

చేతులు ఎందుకు రావు

మన ఊళ్ళ సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. గ్యాస్ వచ్చింది కదా అని కట్టెల పొయ్యి తీసేశారా? చాలా ఇళ్ళలో తియ్యలేదు. అది పెరట్లోకి జరిగిందంతే. స్నానాల నీళ్ళకు, పదిమందికి వండే పెద్ద గిన్నెలకు, సిలిండర్ అయిపోయి చేతిలో డబ్బు లేని నెలాఖరుకు అదే దిక్కు. కొత్త పొయ్యి పక్కన పాత పొయ్యి కూడా ఉండిపోవడాన్ని పరిశోధకులు 'స్టవ్ స్టాకింగ్' అంటారు. కట్టెల పొగ ఆడవాళ్ళ, పిల్లల ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుందని ఆ ఇల్లాలికి మనం చెప్పక్కర్లేదు, ఆమె దగ్గే చెబుతుంది. అయినా ఉంచుకుంటుంది. ఎందుకంటే వచ్చే నెల సిలిండర్‌కు భరోసా లేదు. ఆమె ముందు నిలబడి 'ఇది తృష్ణ తల్లీ' అని చెప్పగలరా?

తమ్ముడి పరిస్థితి ఇప్పుడు అది కాదు. నెలనెలా జీతం ఉంది, సొంతిల్లు ఉంది. కానీ పెరిగింది ఎక్కడ? అల్యూమినియం గిన్నెకు చిల్లు పడితే మాట్లు వేసే అతను వీధిలోకి వచ్చేదాకా ఆగి, మాటు వేయించి, మళ్ళీ అదే గిన్నె వాడుకున్న ఇంట్లో. వస్తువు పారెయ్యడమంటే అలాంటి ఇంటి పిల్లలకు లోపల ఏదో అవుతుంది. దాన్ని వెంటనే ఆశ అనో, పిసినారితనం అనో అనడం నాకు నచ్చదు. తరతరాలు వస్తువులకు దూరంగా ఉంచబడిన వాళ్ళు ఒకటి కొనుక్కోగానే నిరాడంబరత పాఠం చెప్పడానికి చాలామంది ముందుకొస్తారు. వాళ్ళ ఇంటి అటకలు చూస్తే తెలుస్తుంది.

సిగాలోవాద సుత్తంలో గృహస్తుడి సంపాదనను నాలుగు భాగాలు చేసుకోమని ఉంది. ఒక భాగం అనుభవించడానికి, రెండు భాగాలు పనిలో పెట్టడానికి, ఒక భాగం ఆపద కోసం దాచుకోవడానికి. అనుభవించే భాగం మొదట చెప్పారు, గమనించండి. కాబట్టి కొత్త గ్రిల్ కొన్నందుకు ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

మాటు వేసిన పాత్ర, పాత చీవరం

మరి పాతవాటి గురించి ధమ్మం ఏమంటుంది? వినయపిటకంలో భిక్షాపాత్ర గురించి ఒక నియమం ఉంది. తన పాత్రకు ఐదు మాట్లు పడకముందే భిక్ఖువు కొత్తది సంపాదించుకుంటే, ఆ కొత్త పాత్రను సంఘం ముందు పెట్టెయ్యాలి. దాన్ని ముందు పెద్ద భిక్ఖువుకు ఇవ్వజూపుతారు. ఆయన తీసుకుంటే ఆయన పాత్ర తర్వాతి వారికి వెళుతుంది, ఆ తర్వాతి వారిది ఆపై వారికి. అలా వరసంతా తిరిగి చివరికి మిగిలిన పాత్ర ఏదైతే ఉంటుందో అది ఈ భిక్ఖువు చేతిలో పెడతారు. పగిలేదాకా ఇదే నీ పాత్ర అంటారు. అదనపు పాత్ర వస్తే పది రోజులకు మించి ఉంచుకోకూడదనేది ఇంకో నియమం.

ఇవి భిక్ఖువులకు పెట్టినవి. ఇల్లూ పిల్లలూ ఉన్న ఉపాసకులు పది రోజుల లెక్క పట్టుకుని కూర్చోవాలని నేను అనడం లేదు. కానీ ఆ వరసను చూడండి. కొత్త పాత్ర ఒకరి దగ్గర ఆగిపోలేదు, అందరి పాత్రలూ ఒక్కో మెట్టు మెరుగయ్యాయి.

ఆనందుడి కథ కూడా చుల్లవగ్గలో ఉంది. కోసంబిలో ఉదేన రాజు అంతఃపుర స్త్రీలు ఆనందుడికి 500 వస్త్రాలు దానం చేశారు. రాజుకు ఒళ్ళు మండింది. ఈయన బట్టల కొట్టు పెడతాడా అనుకున్నాడు. వెళ్ళి అడిగాడు, ఇన్ని ఏం చేస్తారని. చీవరాలు చిరిగిన భిక్ఖువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి వాళ్ళ పాతవి? పక్కల మీద దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు? పరుపులకు తొడుగులవుతాయి. పాత తొడుగులు నేల మీద పరుచుకునేవి అవుతాయి, అవి పాతబడితే కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, అవీ పాతబడితే దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి వాటిని చితగ్గొట్టి, మట్టిలో కలిపి, నేలకు పూస్తామన్నాడు. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడు.

రాజు ఐదారుసార్లు అదే ప్రశ్న వేశాడు. ఆనందుడి దగ్గర ప్రతిసారీ జవాబు ఉంది. మన ఇంట్లో పాత వస్తువు గురించి ఎవరైనా రెండోసారి అడిగితే జవాబు ఉంటుందా? 'ఎప్పుడైనా పనికొస్తుందిలే' అనేది జవాబు కాదు. ఏ రోజు, ఏ పనికి, ఎవరికి అని చెప్పగలగాలి.

ఇంకోటి. అంగుత్తర నికాయంలో నాలుగేసి విషయాల భాగంలో, ఎక్కువ కాలం నిలవని కుటుంబాల గురించి ఉంది. పోయినదాన్ని వెతకరు, పాతబడినదాన్ని బాగు చేయించరు, తిండీ తాగుడులో మితం ఉండదు, నడత సరిగా లేనివాళ్ళ చేతిలో పెత్తనం పెడతారు. బాగు చేయించకపోవడాన్ని ఇంత పెద్ద దోషాల పక్కన చేర్చడం నాకు చాలా నచ్చే విషయం. కొత్తది కొనే ముందు పాతదానికి ఏమైందో మూత తీసి చూడమని దీని అర్థం.

లెక్క తేల్చడం

తమ్ముడితో ఇలాగే ఒక్కోటి చూసుకుంటూ వచ్చాం.

బొగ్గుల కుంపటి ఉంచుకోవడానికి బలమైన కారణం ఉంది. కొత్తది కరెంటు మీద నడుస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి లక్షలాది ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు పోయింది. అలాంటప్పుడు బొగ్గుల మీద అన్నమో, పిల్లలకు పాలో కాచుకోవచ్చు. అయితే ఆరుబయట మాత్రమే. ఆ తుఫానులో చలికి తట్టుకోలేక కుంపట్లు ఇంట్లోకి తెచ్చుకుని, జనరేటర్లు, కార్లు గరాజుల్లో నడిపి, కార్బన్ మోనాక్సైడ్ పీల్చి మనుషులు చనిపోయారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గరాజు తలుపు తెరిచి పెట్టినా సరే, లోపల బొగ్గు వెలిగించకూడదు. మన దగ్గర కూడా చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకూ ఇది చదివి వినిపించండి.

గ్యాస్ గ్రిల్ చేసే పని కొత్తది దాదాపు అంతా చేస్తుంది. ఏడాదిగా దాని మూత తియ్యలేదని వాళ్ళావిడ చెప్పింది. తీసి చూస్తే లోపల బర్నర్లు తుప్పు పట్టాయి, గొట్టం పగుళ్ళు బారింది. ఇదే ఇవ్వాల్సిన వస్తువు. "బయట పెట్టేస్తాను అక్కా, కావాల్సినవాళ్ళు తీసుకెళ్తారు" అన్నాడు తమ్ముడు. అక్కడ అది మామూలే.

ఇక్కడ దానం గురించి ఆగి చెప్పాలి. అసప్పురిస దాన సుత్తంలో మంచి మనిషి కానివాడు ఎలా ఇస్తాడో ఐదు రకాలుగా ఉంది. గౌరవం లేకుండా, శ్రద్ధ లేకుండా, తన చేతితో కాకుండా, పారేసేదాన్ని, ఫలితం గురించి నమ్మకం లేకుండా. నాలుగోది మళ్ళీ చదవండి, పారేసేదాన్ని. మన పేటలకు పండగ పూట మూటలు మూటలుగా వచ్చే చిరిగిన బట్టలు గుర్తొస్తాయి నాకు. గుండీలు లేని చొక్కాలు, ఒంటికాలి చెప్పులు. ఇచ్చినవాళ్ళ ఇల్లు ఖాళీ అయింది, తీసుకున్నవాళ్ళకు చెత్త మిగిలింది.

గ్రిల్ విషయంలో అది చెత్తతో ఆగదు. గొట్టం పగిలిన గ్యాస్ గ్రిల్ ఎవరికైనా ఇస్తే అవతలి ఇంట్లో మంట పెట్టినట్టే. కాబట్టి కొత్త గొట్టం, రెగ్యులేటర్ వేయించాలి. సబ్బు నీళ్ళు రాసి, గ్యాస్ తెరిచి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. మన వంటింట్లో చేసే పరీక్షే. బర్నర్ రంధ్రాలు శుభ్రం చెయ్యాలి, సాలెపురుగులు అందులో గూడు కడతాయి. కమ్మీలు తీగల బ్రష్‌తో రుద్దితే తీగ ముక్కలు అంటుకుని ఉండిపోయి తిండిలోకి పోతాయి, తడిగుడ్డతో తుడిచి చూడాలి. సిలిండర్ మెడ దగ్గర తయారైన నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. మన సిలిండర్ మీద ఎ, బి, సి, డి అక్షరంతో పరీక్ష గడువు ఉన్నట్టే దానికీ గడువు ఉంటుంది. దాటితే నింపరు. అలాంటిదాన్ని చెత్తలో వెయ్యకుండా సిలిండర్లు మార్చే చోట ఇవ్వాలి.

ఎవరికి ఇవ్వాలి? కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఇద్దామన్నాడు. వాళ్ళుండేది అపార్ట్‌మెంట్‌లో. అక్కడ చాలా చోట్ల చెక్క కట్టడానికి 10 అడుగుల లోపు, బాల్కనీల్లో మంట పెట్టే గ్రిల్ వాడకూడదని అగ్నిమాపక నిబంధన ఉంది. ఇచ్చి వాళ్ళను ఇరికించినట్టవుతుంది. పెరడు ఉన్న ఇల్లు చూసి, బాగు చేసి, తన చేత్తో తీసుకెళ్ళి ఇచ్చి, ఎలా వెలిగించాలో చూపించి రమ్మన్నాను. బాగు చెయ్యడానికి వీలు కాకపోతే విప్పి ఇనుప సామాన్లవాళ్ళకు వెయ్యడం మేలు. అది కూడా ఆనందుడి చివరి గుడ్డలాంటిదే.

ఆగిన మాట

ఇక పాత కుంపటి దగ్గర తమ్ముడు తటపటాయించిన సంగతి.

ఏటా వేసవిలో అక్కడి తెలుగువాళ్ళు పార్కులో పిక్నిక్ పెట్టుకుంటారు. మూడు నాలుగు గ్రిల్స్ వెలుగుతాయి. నాలుగేళ్ళ కింద ఎవరో ఫోన్ చేసి "మీ ఐటమ్స్ కోసం మీ గ్రిల్ మీరు తెచ్చుకోండి బ్రదర్, మిగతావాళ్ళకు ఇబ్బంది లేకుండా ఉంటుంది" అన్నారట. తమ్ముడు వాళ్ళు బీఫ్ తింటారు. సరే, తినని వాళ్ళకు ఇబ్బందే కదా అని పాత కుంపటి కారులో వేసుకెళ్ళి ఒక చివర పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏటా అదే జరిగింది. ఎవరూ చెప్పకుండానే ఆ చివరి చెట్టు కింద చోటు వాళ్ళదైపోయింది.

పోయిన ఏడాది గొడ్డుమాంసం తీసుకెళ్ళలేదు. కుంపటి తోమి, కొత్త కమ్మీ వేసి, మొక్కజొన్న పొత్తులు మాత్రం కాల్చాడు. ఉప్పు, కారం, నిమ్మకాయ రాసి పళ్ళెంలో పెట్టి అందరి మధ్యకూ తీసుకెళ్ళాడు. ఒక్కరూ తీసుకోలేదు. పక్క గ్రిల్ మీద కోడి తిన్నవాళ్ళు, మేక తిన్నవాళ్ళు కూడా "ఇప్పుడే తిన్నాం" అన్నారు. పది నిమిషాల తర్వాత అవే చేతులు వేరే గ్రిల్ మీది పొత్తులు అందుకున్నాయి.

"ఆ కుంపటి ఎందుకు ఉంచుకోవాలనుకుంటున్నానంటే అక్కా, అది తీసేస్తే వచ్చే పిక్నిక్‌కి ఏం తీసుకెళ్ళాలి?" అన్నాడు. వాళ్ళావిడ పక్కనే ఉంది, ఏమీ అనలేదు.

తెలుగులో 'వేరు కుంపటి' అనే మాటకు అర్థం మీకు తెలుసు. ఇల్లు విడిపోవడం. అయితే వేరు కుంపటి అన్నీ ఒకటి కాదు, ఇక్కడ తొందరపడి అందరినీ ఒకే గాటన కట్టకూడదు. పుట్టుక నుంచి శాకాహారం తినే మనిషి, మాంసం కాలిన కమ్మీ మీద వంకాయ తినలేనంటే, అది ఆ మనిషి తిండి అలవాటు. గౌరవించాలి. రొయ్యలు పడని పిల్లవాడికి రొయ్యలు కాల్చిన గ్రిల్ ప్రాణాపాయం కూడా కావచ్చు. పంది మాంసం తగిలిన కమ్మీ వద్దనే ముస్లిం స్నేహితులు ఉంటారు. వీళ్ళందరి కోసం ఒక గ్రిల్ వేరుగా పెట్టడం మర్యాదే. వీళ్ళు అడిగేది దాని మీద ఏం కాల్చారు అని. ఆ పొత్తుల్ని వద్దన్నవాళ్ళు చూసింది మాత్రం ఎవరు కాల్చారు అని. అక్కడ తిండి సంగతి అయిపోయింది. మిగిలింది రెండు గ్లాసుల పద్ధతి.

మన పల్లెల్లో హోటల్ ముందు వేరే గ్లాసు ఎలా ఉండేదో నలభై దాటిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. కొన్ని చోట్ల గాజు గ్లాసుల పక్కన ప్లాస్టిక్ గ్లాసులుగా వేషం మార్చుకుని ఇప్పటికీ ఉంది. అమెరికా వెళ్తే కులం వీసా దొరక్క ఆగిపోతుందనుకున్నవాళ్ళు ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే ఆమోదిస్తే అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశాడు. అక్కడ లేని సమస్య మీద ఇంత తగవు జరగదు కదా.

ఈ విషయం మీద మజ్ఝిమ నికాయంలో అస్సలాయన సుత్తం ఉంది. సావత్థిలో అస్సలాయనుడు పదహారేళ్ళ బ్రాహ్మణ యువకుడు, బాగా చదువుకున్నవాడు. నాలుగు వర్ణాలకూ శుద్ధి ఉందని గోతముడు అంటున్నాడు, నువ్వెళ్ళి వాదించు అని పెద్దలు పంపారు. వెళ్ళనని మూడుసార్లు బతిమాలాడు పాపం. బుద్ధుడు అతన్ని ఒక ప్రశ్న అడుగుతాడు. గొప్ప కులాల్లో పుట్టినవాళ్ళు మద్ది కర్రతోనో, గంధపు చెక్కతోనో నిప్పు రాజేశారు. చండాలురు, వేటగాళ్ళు, పాకీ పని చేసేవాళ్ళు కుక్కలు తాగే తొట్టి చెక్కతోనో, ఆముదపు కట్టెతోనో నిప్పు రాజేశారు. మొదటి నిప్పుకే మంట, రంగు, వెలుగు ఉంటాయా, రెండోదానికి ఉండవా? మొదటిదానితోనే నిప్పు పనులు అవుతాయా, రెండోదానితో కావా? రెండూ ఒకటేనని ఆ యువకుడు ఒప్పుకున్నాడు. కళ్ళ ముందున్న నిప్పును కాదనలేకపోయాడు.

పార్కులో వెలిగినవి కూడా నాలుగు నిప్పులే. ఒకే షాపు బొగ్గు బిళ్ళలు, ఒకే పొలాల మొక్కజొన్న.

ఇక తమ్ముడి ప్రశ్నకు వద్దాం. కుంపటి ఉంచుకో అన్నాను. కరెంటు పోయిన రోజు కోసం, ఆదివారం పిల్లలతో కలిసి బొగ్గుల మీద వంకాయ కాల్చుకోవడం కోసం ఉంచుకో. కానీ చివరి చెట్టు కింద పెట్టడం కోసం అయితే అది కారెక్కకూడదు. అదే వస్తువు, అదే తుప్పు, రెండు కారణాల్లో ఒకటి నిలబడుతుంది, ఇంకోటి నిలబడదు.

"ఎందుకు అక్కా గొడవ, పిల్లలు వాళ్ళ పిల్లలతోనే చదువుతున్నారు" అని వాళ్ళావిడ అంది. ఆమె భయం తేలికైనది కాదు. అక్కడ ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగానికి పేరు సిఫారసు చేసేది ఆ పిక్నిక్‌కి వచ్చేవాళ్ళే. ఇక్కడ కూర్చుని నేను ధైర్యం చెప్పడం సులువు. అందుకే నేను చెప్పింది పోట్లాట గురించి కాదు. పిక్నిక్‌కి నెల ముందే నిర్వాహకులకు రాతపూర్వకంగా ఒక సూచన పంపమన్నాను. గ్రిల్స్‌కు కుటుంబాల పేర్లు వద్దు, వాటి మీద కాల్చే పదార్థం పేరు కాగితం మీద రాసి అంటిద్దాం. కూరగాయలవి ఒకటి, కోడి మేకవి ఒకటి, బీఫ్‌ది ఒకటి. అన్నీ పక్కపక్కనే. ఒక్కోదాని దగ్గర గంటకొకరు వంతులవారీగా నిలబడి కాలుద్దాం. కూరగాయల గ్రిల్ దగ్గర ఒక వంతు తమ్ముడిదీ ఉండాలి. ఈ ఆఖరి మాట దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఒప్పుకుంటే మంచిదే. ఏవో సాకులు చెబితే, ఇన్నాళ్ళూ అడ్డుగా ఉన్నది మాంసం కాదని అందరి ముందూ రాతలో తేలుతుంది.

అప్పుడు వెళ్ళాలా మానాలా అనేది ఆ ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. మానేసి, వైశాఖ పున్నమికి తమ పెరట్లోనే నలుగురినీ పిలుచుకుంటే అది కూడా వేరు కుంపటే అవుతుందని ఎవరైనా అనొచ్చు. కాదు. ఆ పెరటికి రావడానికి ఎవరికీ అడ్డు లేదు, అక్కడి పొత్తు ఎవరైనా అందుకోవచ్చు. బాబాసాహెబ్ 1927లో మహద్ చెరువు దగ్గరికి నడిచినప్పుడూ, 1956లో నాగపూర్‌లో ధమ్మ దీక్ష తీసుకున్నప్పుడూ ఈ రెండు దారులూ మన ముందు పెట్టాడు. ఏది ఎప్పుడు అనేది అక్కడున్నవాళ్ళకే బాగా తెలుస్తుంది.

వచ్చే ఆదివారం పఠనానికి

అస్సలాయన సుత్తం చదువుకుని రండి. నిప్పు గురించి ఉన్న భాగం ముందు, కుర్ర అస్సలాయనుడు రానని మొరాయించిన భాగం కూడా వదిలెయ్యకుండా చదవండి. ఓడిపోతానని అతనికి ముందే ఎందుకు తెలుసో మాట్లాడుకుందాం.

ఇంకో పని. మీ ఇంట్లో రెండు రకాలుగా ఉన్న గ్లాసులు, పళ్ళేలు, కుర్చీలు ఒకసారి చూడండి. ఇంట్లో పని చేసే ఆమెకు టీ ఇచ్చే గ్లాసు ఏ అరలో ఉంది, అది కొన్నదా పాతది పక్కన పెట్టిందా, దాన్ని కడిగేది ఎవరు, ఒక కాగితం మీద రాసి తీసుకురండి. పేర్లు రాయనక్కర్లేదు.